పల్నాటి ఎండలో డయొనైసస్

గుంటూరు నుంచి చిలకలూరిపేట వైపు హైవే మీద వెళ్తుంటే ఎడ్లపాడు ప్రాంతంలో ఒక కొండల వరస కనిపిస్తుంది. 14వ శతాబ్దంలో రెడ్డిరాజుల రాజధాని అయిన కొండవీడు ఆ కొండల మీదే ఉంది. ఇదే పల్నాడు జిల్లాకి పడమటి చివర, కృష్ణ ఒడ్డున, అంతకు వెయ్యేళ్ళ ముందు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. నాగార్జునకొండ అని ఇప్పుడు మనం పిలిచేది ఆ చోటునే. ఒకే జిల్లాలో రెండు రాజధానులు, రెంటికీ సముద్రం మీంచి వచ్చే సరుకులంటే మోజు. ఆ సరుకుల్లో ద్రాక్షసారా ఉందా?

ఈ ప్రశ్న ఇప్పుడెందుకంటే, వైన్ రుచి చూడటం మన నగరాల్లో కొత్త సరదా. నాసిక్ తోటల చిక్కటి రెడ్ వైన్‌ని గ్లాసులో తిప్పి, వాసన చూసి, ఏ ఏడాది పంటో కనుక్కుని, ఆ తర్వాత ‘ఇదంతా మనకి ఎప్పుడో ఉండేదట’ అనడం కూడా ఆ సరదాలో భాగమే. దానికి సాక్ష్యం కావాలంటే ఒక రాతిస్తంభం దొరుకుతుంది.

నాగార్జునకొండ రాజప్రాసాదం ఉన్న చోట లాంగ్‌హర్స్ట్ తవ్వకాల్లో బయటపడిన స్తంభం అది. ఆయన నివేదిక 1938లో అచ్చయింది. పల్నాటి సున్నపురాయి మీద ఒక మనిషి చెక్కి ఉన్నాడు. కొద్దిపాటి గడ్డం, సగం దిగంబరంగా ఒళ్ళు, చేతిలో తాగడానికి వాడే కొమ్ము, పక్కన మద్యం ఉన్న పాత్ర. మన శిల్పుల చేతిలో రోజూ రూపుదిద్దుకునే మనిషి కాదు. గ్రీకుల ద్రాక్షసారా దేవుడు డయొనైసస్ అని పండితులు గుర్తించారు. అక్కడి స్తంభాల మీదే శకుల వేషంలో సైనికులు కూడా ఉన్నారు.

దేవుడున్నాడు కాబట్టి ఆయన సారా కూడా ఉండే ఉంటుంది అనుకోవడం తేలిక. రోమన్ల డబ్బు ఇక్కడిదాకా వచ్చిందనడంలో అనుమానం లేదు. ఇదే జిల్లాలోని వినుకొండలో 1889లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. క్రీ.శ. ఒకటో శతాబ్దపు ‘పెరిప్లస్’లో, భరుకచ్ఛం రేవుకి దిగుమతయ్యే సరుకుల్లో ద్రాక్షసారా ఉంటుంది. అందులోనూ ఇటలీది ముందు, తర్వాత లవొడికియా, అరేబియాలవి. కానీ అదే పుస్తకం మన తీరానికి, అంటే ‘మసాలియా’కి, వచ్చేసరికి ఇక్కడ నేసే సన్నటి నూలుబట్ట గురించి మాత్రమే చెప్పి ముందుకి పోతుంది. ఓడలు ఇక్కడ ఏం దించాయో చెప్పదు.

సారా వచ్చిందనే అనుకుందాం. అది ఎలాంటిదై ఉంటుంది? పుదుచ్చేరి దగ్గర అరికమేడులో దొరికిన రోమన్ జాడీ పెంకులు కొంత చెబుతాయి. రెండు చెవులు, కోసు అడుగు, నున్నటి మట్టి గోడలు. సారా ఇంకిపోకుండా లోపల కీలు పూసేవాళ్ళు. ఒక్కో జాడీలో సుమారు 26 లీటర్లు పట్టేది. కోస్ ద్వీపం తరహా సారాలో సముద్రపు నీళ్ళు కలిపేవాళ్ళు. జూలైలో ఈజిప్టు రేవు వదిలిన ఓడ రుతుపవనాల గాలి పట్టుకుని అరేబియా సముద్రం దాటేది. కీలు వాసన, ఉప్పు, ఓడ అడుగున ఉక్క. ఈనాటి చిక్కటి రెడ్ వైన్‌తో దానికి పేరు తప్ప చుట్టరికం తక్కువ.

ఈనాటి రెడ్ వైన్‌కి చిక్కదనం ద్రాక్ష తొక్క నుంచి, గింజ నుంచి వచ్చే వగరుతో వస్తుంది. లేతగా ఉన్నప్పుడు ఆ వగరు నాలుకని పట్టేస్తుంది. 12, 13 డిగ్రీల చలువలో, చీకట్లో, బిరడా ఎండిపోకుండా సీసాని పడుకోబెట్టి కొన్నేళ్ళు ఉంచితే మెత్తబడుతుంది. చిన్న తోట యజమాని అమ్మేది ద్రాక్షరసాన్ని ఒక్కదాన్నే కాదు, ఆ నేలనీ, గడిచిన ఆ కాలాన్నీ కూడా. ఎండాకాలం రాగానే వార్తల్లో రెంటచింతల పేరు మోగే పల్నాట్లో అలాంటి చలువని కాపాడటం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

మరి దేవుడు ఎలా వచ్చాడు? ఒక దారి ఉజ్జయిని వైపు నుంచి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని రాణుల్లో రుద్రధర భట్టారిక ఉజ్జయిని మహారాజు కూతురని శాసనం చెబుతోంది. శక క్షత్రపులు ఏలిన ఊరది, భరుకచ్ఛం రేవుకి వెనకున్న పెద్ద సంత. ఆ వియ్యంతో పాటు శకసైనికుడి వేషం, కొమ్ముపాత్ర పట్టిన దేవుడి బొమ్మ వచ్చి ఉండొచ్చు. ఇంకో దారి గాంధారం, మధుర శిల్పాలది. అక్కడ పానగోష్ఠి ఎప్పటినుంచో శిల్పులు ఇష్టపడే ఘట్టం. ఏ దారిన వచ్చినా, బొమ్మ ప్రయాణించినంత తేలిగ్గా జాడీ ప్రయాణించదు. బొమ్మకి పులిసిపోతానన్న భయం లేదు.

ద్రాక్షసారా అంటే ఏమిటో మనవాళ్ళకి తెలియదని కాదు. ద్రాక్షరసంతో చేసేది ‘మధు’ అనీ, అది పుట్టిన దేశాన్ని బట్టి దానికి ‘కాపిశాయనం’, ‘హారహూరకం’ అన్న పేర్లనీ కౌటిల్యుడు రాశాడు. వైన్‌ని ఊరి పేరుతో పిలవడం ఫ్రాన్స్ వాళ్ళు కనిపెట్టింది కాదన్నమాట. కానీ ఆ కాపిశ ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లోది, కృష్ణ ఒడ్డుది కాదు. పాలి వినయపిటకం భిక్షువులకి అనుమతించిన ఎనిమిది పానీయాల్లో ద్రాక్షరసం ఒకటి. పులిస్తే మాత్రం అయిదో శీలం అడ్డొస్తుంది. విజయపురి నిండా విహారాలు కట్టించినవాళ్ళు ఇక్ష్వాకు రాణులు. కొమ్ముపాత్ర దేవుడు రాజప్రాసాదంలో ఉన్నాడు గనక ఇబ్బంది లేకపోయింది.

మన నేల తాగింది కల్లు. పొద్దున దించింది సాయంత్రానికి పులిసి వేరే సరుకవుతుంది. దాచడం దాని స్వభావంలోనే లేదు. అలాగని మనకి ఓపిక లేదనడం కూడా తప్పే. పాత బియ్యం, పాత చింతపండు, పాత బెల్లం, ఊరిన పచ్చడి, మాగిన పండు – కాలం రుచిని మారుస్తుందని మన వంటింటికి బాగా తెలుసు. ఆ తెలివిని ద్రాక్షసారా మీద పెట్టే అవసరం రాలేదు, అంతే.

ఇక కొండవీడు. 1358లో అనపోతారెడ్డి మోటుపల్లి రేవులో వర్తకులకి రాయితీలిస్తూ శాసనం వేయించాడు. ఆ తర్వాత కుమారగిరిరెడ్డికి పరిమళద్రవ్యాలు తెచ్చిచ్చినవాడు అవచి తిప్పయ శెట్టి. శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చింది ఈ శెట్టికే. ఏ దేశం నుంచి ఏం తెప్పిస్తాడో కవి అందులో వరసగా చెబుతాడు: పంజారం కర్పూరం, సింహళం ఏనుగులు, హురుముంజి గుర్రాలు, చీనా పట్టు. సారా లేదు. జాబితాలో లేనంతమాత్రాన కొండమీద ఎవరూ తాగలేదని కాదు, కవి శెట్టిని పొగుడుతున్నాడు గానీ బిల్లు రాయడం లేదు. కానీ గొప్పగా చెప్పుకోదగ్గ విలాసం ఏమిటన్నది ఆ పొగడ్తలోనే తెలుస్తుంది. కుమారగిరికి కర్పూర వసంతరాయలని బిరుదు. వసంతోత్సవంలో కర్పూరం చల్లుకునేవాళ్ళు. సముద్రాలు దాటి వచ్చిన సరుకు ఒక్క పూటలో గాల్లో కలిసిపోయేది. దాచి మాగబెట్టడంలో కాదు, ఒక్కసారిగా ఖర్చు చేసెయ్యడంలో ఉండేది వాళ్ళ దర్జా.

మన అలంకారికులు ద్రాక్షని ఎలా వాడుకున్నారో చూసినా ఇదే కనిపిస్తుంది. ఓరుగల్లులో విద్యానాథుడు ‘ప్రతాపరుద్రీయం’లో చెప్పిన ద్రాక్షాపాకం, లోపలా బయటా రసం పొంగుతుండే కవిత్వానిది. నోట్లో వేసుకోగానే రసం. కష్టపడి కొట్టుకు తినాల్సినది నారికేళపాకం. కొన్నేళ్ళు ఆగితే తప్ప రుచి తేలని కవిత్వానికి ద్రాక్షని పోలిక తేలేదు. తర్వాతెప్పుడో హైదరాబాదు తోటల్లో పేరు తెచ్చుకున్న అనాబ్-ఎ-షాహీ కూడా తినే ద్రాక్షే.

కాబట్టి ఆ స్తంభం మనకి ద్రాక్షతోటల వారసత్వం ఇవ్వదు. బయటి బొమ్మని అనుమానం లేకుండా ఇంట్లోకి తెచ్చుకుని, తన ఊరి రాయి మీద చెక్కించుకున్న ఒక రాచనగరం ధీమాని చూపిస్తుంది. చరిత్రగా అది చిన్న విషయమేం కాదు. రేపు ఎవరైనా ఈ వైపు రెండెకరాల్లో సారాద్రాక్ష వేసి, నేలమాళిగ తవ్వి సీసాలు పడుకోబెడితే, సీసా మీద పదిహేడు వందల ఏళ్ళ చరిత్ర అంటించక్కర్లేదు. వాళ్ళ మొదటి ఏడాది పంటే వాళ్ళ చరిత్రకి మొదలు. రుచి చెప్పడానికి మాటలు మాత్రం అరువు తెచ్చుకోనవసరం లేదు. వగరు, ఊరడం, మాగడం – ఇవి ఆ దేవుడు రాకముందు నుంచీ ఇక్కడివే కావచ్చు.