దారి, మజిలీ: సరుకు రవాణాలో లారీ డ్రైవరు

హైదరాబాదు నుంచి విజయవాడ మీదుగా మచిలీపట్నం పోయే 65వ జాతీయ రహదారి పక్కన హయత్‌నగర్ ఉన్నది. 17వ శతాబ్దంలో గోల్కొండను రేవుపట్టణంతో కలిపిన బాట ఇంచుమించు ఈ దిశగానే సాగేది. ఆ బాటలో హయత్ బక్షీ బేగం ఒక మసీదును, బాటసారుల కోసం సరాయిని, పెద్ద బావిని నిర్మింపజేసింది. నేడు వాటికి చేరువలోనే లారీలు బారులు తీరి సాగిపోతుంటాయి. వాటిని నడిపేవారికి మజిలీ ఎక్కడ? మన రవాణా చరిత్ర సమాధానం చెప్పవలసిన ప్రశ్న ఇది.

పూర్వం దారి అంటే కేవలం నేల చదును చేయడం కాదు. దారి పక్కన మర్రిచెట్లు, మామిడితోటలు నాటించాననీ, బావులు తవ్వించి విడిది గృహాలు కట్టించాననీ అశోకుడు తన ఏడవ స్తంభశాసనంలో చెప్పుకున్నాడు. షేర్‌షా (1540–45) రెండేసి క్రోసులకు ఒక సరాయి కట్టించాడని అబ్బాస్ ఖాన్ సర్వానీ రాశాడు. తెలుగునాట రాజులూ వర్తకులూ సత్రాలు, చలివేంద్రాలు నెలకొల్పడం పుణ్యకార్యంగా భావించారు. మజిలీ దారిలో అంతర్భాగం.

నాటి దూరప్రాంత రవాణాదారులలో ముఖ్యులు లంబాడీలు. పది పన్నెండు వేల ఎద్దులతో ధాన్యమూ ఉప్పూ మోసుకుపోయే వారి బిడారులను ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే వర్ణించాడు. వారి భార్యాబిడ్డలు వెంటే ఉండేవారని కూడా రాశాడు. శ్రమ కఠినమే అయినా, ఇల్లు బిడారుతోపాటే కదిలేది. లారీ డ్రైవరు ఇల్లు మాత్రం అతడు బయలుదేరిన ఊళ్ళోనే ఉండిపోతుంది. ఇద్దరికీ ఉన్న ప్రధానమైన తేడా ఇదే.

రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యానికి మిగులైన వాహనాలు పౌర రవాణాలోకి వచ్చాయి. 1954లో టెల్కో సంస్థ డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకొని జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ ప్రారంభించింది. 1950–51లో దేశంలోని సరుకులో నాలుగైదవ వంతులకు పైగా రైళ్ళే మోసేవి. శతాబ్దాంతానికి అధికభాగం రోడ్డు మీదకు వచ్చింది. ఈ మార్పు భారాన్ని భుజాన వేసుకున్నవారు క్లీనర్లుగా చేరి, గురువు పక్కన కూర్చొని స్టీరింగు పట్టడం నేర్చిన గ్రామీణ యువకులు. చాలాకాలం కర్మాగారాలనుంచి ఛాసిస్ మాత్రమే వచ్చేది. క్యాబిన్ లేని ఆ చట్రం మీద, ముఖానికి గుడ్డ చుట్టుకొని, ఎండకూ గాలికీ ఎదురొడ్డి డ్రైవర్లు దాన్ని బాడీ కట్టే ఊరికి చేర్చేవారు. తర్వాత ప్రయాణాలలో చెక్‌పోస్టుల వద్ద నిరీక్షణ, ధాబా నులకమంచం మీద కునుకు, లోడు దించే చోట పడిగాపులు నిత్యకృత్యం.

చట్టం ఈ కష్టాన్ని గుర్తించకపోలేదు. 1939 నాటి మోటారు వాహనాల చట్టమే డ్రైవరు పని గంటలకు హద్దు పెట్టింది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్నది. దూరమార్గాలలో అనుమతితో రోజుకు 10 గంటలు మించరాదన్నది. కార్మికులు రాత్రి ఆగవలసిన చోట విశ్రాంతి గదులుండాలన్నది. అయితే సాధారణంగా అది అయిదుగురికి తగ్గకుండా పనివారున్న సంస్థలకే వర్తించింది. మనదేశంలో లారీలలో ఎక్కువభాగం కొద్దిపాటి వాహనాలున్న చిన్న యజమానులవే. ఎందరో డ్రైవర్లకు ఆ రక్షణ అందకపోవడానికి కారణం ఇదే. సమయానికి చేరితేనే తర్వాతి లోడు దొరికే బేరంలో నిద్ర మొదట కోతపడేది. ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది.

2017 జూలైలో వస్తుసేవల పన్నుతో రాష్ట్రాల సరిహద్దుల్లోని అమ్మకం పన్ను చెక్‌పోస్టులు తొలగాయి. 2021 ఫిబ్రవరి నుంచి టోలు చెల్లింపునకు ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే మధ్యతరహా, భారీ సరుకు వాహనాలలో డ్రైవరు క్యాబిన్‌కు శీతలీకరణ ఉండాలని 2023 డిసెంబరులో నిబంధన వచ్చింది. ఇవి స్వాగతించదగినవే. కాని మొదటి రెండూ ప్రధానంగా బండి ఆగే సమయాన్ని తగ్గించాయి. మనిషి ఆగవలసిన అవసరాన్ని కావు. రహదారి పొడవును కిలోమీటర్లలో లెక్కించే ప్రతి నివేదికలో, ఆ దారిలో డ్రైవరు నిర్భయంగా కన్నుమూయగల చోట్ల సంఖ్య కూడా చేరిన నాడు హయత్‌నగర్ సరాయి చెప్పిన పాఠం మనకు అందినట్లు.