లంకకు వెళ్ళిన మన సైన్యం



లంక అనగానే మన రేపల్లె వైపు ఆడవాళ్ళకు కృష్ణ ఒడ్డున ఉన్న లంక గ్రామాలు గుర్తుకొస్తాయి. పురాణం విన్నవాళ్ళకు రావణుడి లంక. ఈవేళ నేను చెప్పబోయేది ఆ రెండూ కాదు. 1987లో మన దేశం సైన్యాన్ని పంపిన సింహళం సంగతి. యుద్ధాల గొడవ ఆడవాళ్ళకెందుకమ్మా, ఏదైనా ఊరగాయ సంగతి చెప్పక అని ఎవరైనా అంటే అననివ్వండి. అక్కడ పోయినవాళ్ళంతా ఎవరో ఒక తల్లి కన్నబిడ్డలే గదా.

సింహళం మనకు మరీ పరాయిది కాదు. నాగార్జునకొండలో బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించినట్టు శాసనం ఉంది. ఆ రోజుల్లోనే ఒక ఆడది అంత పని చేయించిందంటే చూడండి! తర్వాత మధుర నాయకుల బంధువుల ఆడపిల్లను కాండీ రాజుకిచ్చారు. వాళ్ళ మూలం తెలుగే. ఆ రాజుకు వారసుడు లేకపోతే 1739లో బావమరిది గద్దె ఎక్కాడు. 1815లో ఇంగ్లీషువాళ్ళు వచ్చేదాకా ఆ వంశమే ఏలింది. పిల్లనిచ్చిన చుట్టరికం అన్నమాట.

ఇక ఆ ఇంట్లో తగాదా ఎక్కడ మొదలైందంటే, 1956లో సింహళం ఒక్కటే అధికారభాష అని చట్టం చేశారు. తమిళులు కాదన్నారు. అది ముదిరి ముదిరి 1983 జూలైలో కొలంబోలో తమిళుల ఇళ్ళూ దుకాణాలూ తగలబెట్టేదాకా వచ్చింది. లక్షకు పైగా జనం పడవలెక్కి తమిళనాడు చేరారు. అయ్యో పాపం అనుకోని వాళ్ళు లేరు. అయితే అక్కడి కుర్రాళ్ళకు మన ప్రభుత్వమే గుట్టుచప్పుడు కాకుండా ఆయుధాలిచ్చి శిక్షణ ఇప్పించింది. ఇది అప్పట్లో పైకి ఒప్పుకోని సంగతి, ఇప్పుడు అందరికీ తెలిసిన సంగతి.

1987లో సింహళ సైన్యం జాఫ్నాను చుట్టుముట్టింది. జూన్ 4న మన విమానాలు అక్కడ ఆహారం జారవిడిచాయి. ఆకలితో ఉన్నప్పుడు ఆకాశం నుంచి అన్నం రావడమంటే ఏమిటో, 1977 నవంబరు ఉప్పెన చూసిన మన రేపల్లె, బాపట్ల వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. అక్కడితో ఆగినా సరిపోయేది. ఆగలేదు.

జూలై 29న కొలంబోలో ఒప్పందం జరిగింది. మన తరఫున రాజీవ్ గాంధీ, వాళ్ళ తరఫున జయవర్ధనే సంతకాలు చేశారు. తమిళ ప్రాంతాలకు కొంత అధికారం ఇస్తారట, పోరాడే కుర్రాళ్ళు ఆయుధాలు అప్పగిస్తారట, అది జరిపించే పూచీ మనదట. మరి ఆ ఆయుధాలు పట్టుకున్నవాళ్ళు సంతకం పెట్టారా? లేదు. పులుల నాయకుడు ప్రభాకరన్‌ను ఢిల్లీలో హోటల్లో ఉంచి, ఒప్పందం అక్కడ కొలంబోలో ముగించారు. పెళ్ళికూతురిని గదిలో కూర్చోబెట్టి, ఆ పిల్లకు ఇష్టమో కాదో అడక్కుండా, పెద్దలు వీధరుగు మీద తాంబూలాలు పుచ్చుకున్నట్టు లేదూ? మనవి కాని ఆయుధాలకు మనం హామీ పడ్డాం. ఈ వ్యవహారంలో అసలు తప్పు ఇదేనని నా ఉద్దేశం. మిగిలినవన్నీ దీని వెంట నడిచి వచ్చినవే.

మర్నాడే మన సైన్యం జాఫ్నాలో దిగింది. ముందు వెళ్ళింది మన సికింద్రాబాదులో ఉండే 54వ డివిజను. మా అత్తగారిది బాపట్ల. మిలిటరీ రైళ్ళు మద్రాసు వైపు పోతుంటే చూసి, "యుద్ధమైతే ఉత్తరానికి పోవాలి గానీ వీళ్ళు ఇటెక్కడికే?" అన్నారట. ఆవిడ చదివింది ఐదో క్లాసు.

మొదట్లో జాఫ్నా వాళ్ళు మనవాళ్ళకు దండలు వేశారు. సింహళ సైన్యం బాధ తప్పిందనుకున్నారు. రెండు నెలలు గడిచాయో లేదో, అక్టోబరులో పులులకూ మనకూ యుద్ధం మొదలైంది. 11వ తేదీ రాత్రి జాఫ్నా యూనివర్సిటీ దగ్గర హెలికాప్టర్లలో దిగిన సిఖ్ దళం వాళ్ళు 30 మంది. అందులో 29 మంది తెల్లవారి మధ్యాహ్నానికల్లా పోయారు. ఒక్కడు పట్టుబడ్డాడు. అదే నెల 21న మన సైనికులు జాఫ్నా ఆస్పత్రిలోకి వెళ్ళారు. రోగులూ, డాక్టర్లూ, నర్సులూ కలిసి 60 మందికి పైగా చనిపోయారు. చెప్పడానికి నోరు రావడం లేదు. కానీ మనవాళ్ళు పోయింది చెప్పి, మనవాళ్ళు చంపింది దాచేస్తే అది చరిత్ర ఎలా అవుతుంది?

ఇద్దరు ఆడవాళ్ళ సంగతి మీకు తప్పక చెప్పాలి. మట్టక్కళప్పులో పూపతి అని పదిమంది పిల్లల తల్లి ఉండేది. యుద్ధం ఆపండి, మాట్లాడుకోండి అని 1988 మార్చి 19న గుడి దగ్గర నిరాహారదీక్షకు కూర్చుంది. ఎవరి మీద? మన మీద. గాంధీగారి దేశం పంపిన సైన్యం మీద ఒక అమ్మ గాంధీగారి పద్ధతిలోనే దీక్ష పట్టింది. సరిగ్గా నెలకు, ఏప్రిల్ 19న ప్రాణం విడిచింది.

రెండో ఆవిడ డాక్టర్ రజని తిరణగమ. జాఫ్నా యూనివర్సిటీలో శరీరనిర్మాణశాస్త్రం చెప్పేవారు, ఇద్దరు ఆడపిల్లల తల్లి. ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ళు పడ్డ బాధలు అడిగి రాసుకున్నారు. మన సైనికుల వల్ల మానం పోగొట్టుకున్న ఆడవాళ్ళ సంగతీ రాశారు, పులుల దౌర్జన్యమూ రాశారు. తోటివారితో కలిసి ఆవిడ రాసిన పుస్తకం పేరు 'విరిగిన తాటిచెట్టు' అని అర్థం వచ్చేట్టు పెట్టారు. మన బాపట్ల ఇసుక నేలల్లో లాగే జాఫ్నా అంతా తాళ్ళే. 1989 సెప్టెంబరు 21న సైకిలు మీద ఇంటికి వస్తుంటే ఆవిడను కాల్చి చంపారు. అది పులుల పనేనని అందరూ అంటారు.

అటు సింహళీయులైనా సంతోషించారా అంటే అదీ లేదు. పరాయి సైన్యం మా గడ్డ మీదేమిటని దక్షిణాన మరో తిరుగుబాటు లేచింది. కొత్త అధ్యక్షుడు ప్రేమదాస 1989లో మీరు వెళ్ళిపొండన్నాడు. అంతేకాదు, మనతో పోరాడమని పులులకే ఆయుధాలిచ్చాడు. మధ్యన దూరిన పెద్దమనిషిని చూసి, కొట్టుకునే ఇద్దరూ కాసేపు ఒకటైపోయారన్నమాట.

1971లో బంగ్లాదేశ్‌లో గెలవలేదా అని మీలో కొందరు అడుగుతారు. గెలిచాం. కానీ అక్కడ ఓట్లు గెలిచిన నాయకులే మనల్ని రమ్మన్నారు. యుద్ధం డిసెంబరు 16న ముగిస్తే, మార్చికల్లా మన సైన్యం తిరిగొచ్చేసింది. లంకలో ఎప్పుడు తిరిగి రావాలో వెళ్ళేటప్పుడు అనుకున్నట్టే లేదు. సైన్యాన్ని పంపే ఏ ప్రభుత్వాన్నైనా మనం ముందుగా అడగవలసిన ప్రశ్నలు ఈ రెండే: పిలిచిందెవరు, వచ్చేదెప్పుడు?

1990 మార్చి 24న చివరి దళం తిరిగొచ్చింది. అప్పటికి మనవాళ్ళు సుమారు 1,200 మంది చనిపోయారు. వాళ్ళు మద్రాసు రేవులో దిగితే స్వాగతం చెప్పడానికి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు. తమిళులను చంపి వచ్చిన సైన్యమని ఆయన మాట. పంపింది ఢిల్లీ, తిట్లు తిన్నది సిపాయిలు. ఆ మరుసటి ఏడు మే 21న రాజీవ్ గాంధీ మన విశాఖపట్నంలో ఎన్నికల సభ ముగించుకుని, విమానంలో మద్రాసు వెళ్ళి, ఆ రాత్రే శ్రీపెరుంబుదూరులో పులుల బాంబుకు బలైపోయారు. దండ వేయడానికి వచ్చినట్టు వచ్చింది ఒక ఆడపిల్ల. లంకలో యుద్ధం ఆ తర్వాత కూడా 2009 మే దాకా సాగింది.

కొలంబో పక్కన, వాళ్ళ పార్లమెంటుకు దగ్గర్లో, మన సైనికుల పేర్లు రాతి మీద చెక్కిన స్మారకం ఉంది. కట్టించింది లంక ప్రభుత్వమే.