నీరసం

ధర్మవరంలో గుంతమగ్గం మీద పట్టుచీర నేసే పెద్దాయన "నీరసంగా ఉంది" అంటే ఇంట్లోవాళ్లు వయసు మీదికి నెట్టేస్తారు. సంస్కృతంలో నిర్, రస కలిస్తే నీరస. సారం లేనిది, ఎండినది, రుచి లేనిది అని అర్థం. చప్పటి కవిత్వాన్ని నీరసమనడం ఆ పాత వాడుకే. తెలుగులో ఆ మాట ఒంటికీ అంటుకుంది. ఇందులో "నీరు" లేదు. గుండె వైఫల్యం ఉన్నవాళ్ల నీరసాన్ని బరువుతో కొలవబోతే మాత్రం ఆ నీరే అడ్డొస్తుంది: కండ కరుగుతున్నా, కాళ్లకు దిగిన నీరు బరువు తగ్గనట్టే చూపిస్తుంది. కాటాను నమ్మలేం. పిడికిలి పట్టు, నడక వేగం చూడాలి. 2001లో పరిశోధకురాలు లిండా ఫ్రీడ్ బృందం పెద్దవయసు బలహీనతకు చెప్పిన అయిదు గుర్తుల్లో ఇవి రెండు. రక్తహీనత, చక్కెర జబ్బు, కిడ్నీ జబ్బు, తిండి తగ్గడం, పదేపదే ఆసుపత్రిలో చేరడం ఈ నీరసాన్ని పెంచుతాయి. వయసూ ఉంది, కాదనను. కానీ వయసొక్కటే కాదు.