పత్తి ప్యాకెట్‌లో పేటెంట్ పేచీ

ఖమ్మం నుంచి సూర్యాపేట వెళ్లే దారిలో కుసుమంచి దగ్గర ఆగిన చరిత్ర ప్రియులు కాకతీయుల నాటి గణపేశ్వరాలయం చూసి వెళ్తారు. తొలకరి రోజుల్లో వచ్చినవాళ్లు విత్తనాల దుకాణంలోకి కూడా తొంగిచూడొచ్చు. అక్కడ బీటీ పత్తి ప్యాకెట్ మీద అచ్చువేసిన ధర వెనక కూడా పెద్ద చరిత్రే ఉంది. 2025 వానాకాలానికి కేంద్రం ఖరారు చేసిన గరిష్ఠ ధర 901 రూపాయలు. అందులో జన్యువు కంపెనీకి ముట్టే రాయల్టీ సున్నా. ఇరవై ఏళ్ల కిందట ఆ రాయల్టీ ఒక్కటే ప్యాకెట్‌కు 1,250 రూపాయల దాకా ఉండేది!

ఆ సొమ్ము ఎందుకు కట్టారో తెలియాలంటే 1997-98 నాటి వరంగల్‌కు వెళ్లాలి. పురుగు పంటను తినేసింది, మందుల అప్పు రైతును తినేసింది. ఎన్ని మందులు కొట్టినా శనగపచ్చ పురుగు చావని ఆ రోజుల్లో, మొక్కే పురుగును చంపుతుందంటే ఆశపడని రైతు ఎవరు? మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తిలోకి ఎక్కించిన అమెరికా కంపెనీ మోన్‌శాంటో విత్తనానికి 2002 మార్చిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. మొదట వచ్చినవి మహికో అనే విత్తన కంపెనీ హైబ్రిడ్లు మూడు. అవి ఇక్కడ నిలబడలేదు. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో వాటి అనుమతిని, జన్యు పంటల సంగతి చూసే కేంద్ర కమిటీ పొడిగించలేదు. ఈలోగా వేరే కంపెనీల బీటీ హైబ్రిడ్లు వచ్చి పత్తి చేలను కమ్మేశాయి. ఏ కంపెనీ విత్తనం కొన్నా లోపలి జన్యువు మాత్రం దాదాపుగా మోన్‌శాంటోదే.

ఇక్కడే ఒక తమాషా ఉంది. అంత రాయల్టీ గుంజిన ఆ మొదటి తరం బీటీ జన్యువుకు మన దేశంలో పేటెంటే లేదు. విత్తన కంపెనీలు ఆ రెండింటి ఉమ్మడి సంస్థ మహికో మోన్‌శాంటో బయోటెక్‌తో ఒప్పందాలు రాసుకున్నాయి, ఆ ఒప్పందం ప్రకారం కట్టాయి, కట్టినదంతా రైతు ప్యాకెట్‌లో కలిపేశాయి. పేటెంట్ లేకుండానే పేటెంట్ వసూళ్లు నడిచాయన్నమాట.

అందుకే 2006 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేటెంట్ చట్టం జోలికే పోలేదు. ఎన్. రఘువీరారెడ్డి వ్యవసాయ మంత్రిగా ఉన్న ఆ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాలను అదుపు చేసే ఎంఆర్‌టీపీ కమిషన్ గడప తొక్కింది. చైనా రైతు దగ్గర నామమాత్రంగా తీసుకుంటూ మన రైతు దగ్గర ఇంత లాగడమేమిటన్నది ప్రభుత్వ వాదన. జన్యువు ఎవరి సొత్తని అడిగి ఉంటే కేసు ఏళ్ల తరబడి సాగేది. ధర న్యాయమేనా అని అడగడంలోనే తెలివి ఉంది. మే 11న కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది, రాయల్టీని చైనా స్థాయికి దగ్గరగా తగ్గించమంది. 1,600కు పైగా పలుకుతున్న ప్యాకెట్‌ను 750కే అమ్మాలని రాష్ట్రం తేల్చిచెప్పింది. ఆ మరుసటి ఏడాది పత్తి విత్తనాల ధర నియంత్రణకు ప్రత్యేక చట్టమే తెచ్చింది. గుజరాత్, మహారాష్ట్ర అదే బాట పట్టాయి. 2015 డిసెంబరులో కేంద్రమూ ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది.

అసలు పేటెంట్ పేచీ రెండో తరంతో వచ్చింది. రెండు జన్యువుల బోల్‌గార్డ్-2లోని ఒక జన్యువుపై మోన్‌శాంటోకు భారత పేటెంట్ ఉండేది. నంబరు 214436. రాయల్టీ బకాయిల దగ్గర చెడి, 2015 నవంబరులో మోన్‌శాంటో, హైదరాబాద్‌కు చెందిన నూజివీడు సీడ్స్‌తో ఒప్పందం రద్దు చేసుకుంది, ఆ తర్వాత ఢిల్లీ హైకోర్టుకెక్కింది. నూజివీడు ఎదురు అడిగింది: అసలు ఆ పేటెంట్ చెల్లుతుందా?

పేటెంట్ చట్టం 3(జె) సెక్షన్ ప్రకారం మొక్కలకు, వాటి భాగాలకు, విత్తనాలకు పేటెంట్ ఇవ్వరాదు. జన్యువు ప్రయోగశాలలో తయారైన రసాయన నిర్మాణమని మోన్‌శాంటో వాదన. గింజలోకి చేరి తరతరాలకూ సంక్రమించే దాన్ని మొక్కలో భాగం కాదంటారా అని అవతలి వాదన. 2018 ఏప్రిల్ 11న హైకోర్టు డివిజన్ బెంచ్ పేటెంట్‌ను కొట్టేసింది. 2019 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, సాక్ష్యాలు, నిపుణుల వాంగ్మూలాలు లేకుండా ఇంత జటిలమైన సంగతి తేల్చకూడదని కేసును తిరిగి హైకోర్టు సింగిల్ జడ్జికి పంపింది. ఆ ఏడాది చివర్లో పేటెంట్ గడువే తీరిపోయింది. 2020లో కేంద్రం రాయల్టీని సున్నా చేసింది. 2021 మార్చిలో నూజివీడు, అప్పటికే మోన్‌శాంటోను కొనేసిన బేయర్ రాజీపడ్డాయి. గింజలోని జన్యువు సొత్తా కాదా అన్న ప్రశ్నకు జవాబు రానే లేదు.

పొలంలో పురుగు మాత్రం తీర్పు కోసం కాచుకుని కూర్చోలేదు. గులాబీ పురుగు బోల్‌గార్డ్-2ను తట్టుకోవడం నేర్చేసింది. గడ్డిమందు చల్లినా చావని, ఇక్కడ అనుమతే లేని పత్తి గింజలు దొంగచాటుగా సంచుల్లో వచ్చాయి.

రైతు హక్కుల మాటకొస్తే మన 2001 మొక్కల రకాల రక్షణ చట్టం గట్టిదే. దాని 39వ సెక్షన్ ప్రకారం రైతు గింజలు దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండ్ వేయకుండా అమ్ముకోనూవచ్చు. 2019లో తమ ఆలుగడ్డ రకం పండించారని గుజరాత్ రైతులపై కోటి రూపాయలకు పైగా దావాలు వేసిన పెప్సికో, గొడవ పెద్దదయ్యాక వాటిని వెనక్కి తీసుకుంది. కానీ పత్తి రైతుకు ఈ హక్కు ఏం పనికొస్తుంది? బీటీ పత్తి దాదాపు అంతా హైబ్రిడే. దాచిన గింజ మరుసటి ఏడు మొదటి పంటలా కాయదు. చట్టం ఇచ్చిన దాన్ని హైబ్రిడ్ పట్టుకుపోయింది.

వరి సంగతి వేరు. పాలేరు జలాశయం, సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే చోట రైతులకు సాంబ మసూరి ఇంటి మనిషి లాంటిది. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204గా వచ్చిన సూటి రకం, హైబ్రిడ్ కాదు కాబట్టి గింజ దాచుకోవచ్చు. 2025 మే 4న కేంద్రం విడుదల చేసిన 'కమల' ఆ సాంబ మసూరికే జన్యు సవరణ చేసిన రూపం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేశారు. ఇరవై రోజులు ముందే కోతకు వస్తుందని, దిగుబడి సగటున 19 శాతం ఎక్కువని చెబుతున్నారు. బయటి జన్యువేదీ ఎక్కించలేదు.

అయితే జన్యువును కత్తిరించిన క్రిస్పర్ అనే పనిముట్టు మనది కాదు. 2020లో నోబెల్ తెచ్చిన ఆ పద్ధతికి 2022లో భారత్‌లోనూ పేటెంట్ మంజూరైంది. ఈ గింజను వాణిజ్య స్థాయిలో రైతుకు చేర్చాలంటే పనిముట్టు సొంతదారులతో లైసెన్సు మాట్లాడుకోవాలి. పేటెంట్ ఉన్న పద్ధతి ద్వారా నేరుగా వచ్చిన వస్తువు మీదా సొంతదారుకు హక్కు ఉంటుందని పేటెంట్ చట్టం 48వ సెక్షన్ అంటుంది. రైతు దాచుకున్న గింజకు 39వ సెక్షన్ లాంటి మినహాయింపు ఆ చట్టంలో ఎక్కడా కనిపించదు. 2006 కేసు నుంచి లెక్కిస్తే, సున్నా రాయల్టీకి పత్తి రైతు పద్నాలుగేళ్లు ఆగాడు. వరి విషయంలో ఆ లెక్క ముందే, ఒప్పందం రాసుకునేటప్పుడే, ఢిల్లీలో తేలాల్సి ఉంది.