సంతలో అంబలి కుండ

మన్యం చరిత్ర అనగానే పుస్తకాల్లో ఫితూరీలే కనిపిస్తాయి. 1879 రంప, 1922 చింతపల్లి, పోలీసు ఠాణాలు, తుపాకులు. అవి చెప్పవలసినవే. బడిలో మేమూ చెబుతున్నాం. కానీ వారం వారం జరిగే సంత గురించి ఆ పుస్తకాల్లో ఒక పేరా దొరకడం కష్టం. సంతలో ఒక పక్క చెట్టు కింద కుండ, అడ్డాకు డొప్పలు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ల గురించి అసలే దొరకదు. వాళ్లు అమ్మేది ఇంట్లో వండి తెచ్చినది: చోడి అంబలి, ఉడికించిన దుంపలు, పనస గింజలు, చోడి రొట్టెలు, కాలాన్ని బట్టి జీలుగు కల్లు. రంప ఫితూరీని ఈ కుండ పక్కన కూర్చుని చదివితే వేరుగా అర్థమవుతుంది.

రంపలో గొడవ మొదలైంది కూడా కుండ దగ్గరే. తాడి కల్లు, జీలుగు కల్లు మన పెద్దలకు పండగ పానీయమూ అవును, ఇంట్లో గింజలు అయిపోయిన నెలల్లో కడుపు నింపే తిండీ అవును. రంప మన్సబుదారు ఆ కల్లు మీద చిగురుపన్ను వసూలు చేసేవాడు. ఆ తరువాత ఆబ్కారీ నిబంధనలు వచ్చాయి. కల్లు హక్కు గుత్తేదారుల చేతికి పోయింది. పెరటి చెట్టు కల్లు ఇంటిల్లిపాది తాగడానికి ఎవరికో డబ్బు కట్టాలన్నారు. దానికి తోడు పల్లం నుంచి వచ్చిన షావుకార్ల నోటిమాట అప్పులు, మనవాళ్లు కోర్టు గడప తొక్కకుండానే వచ్చిన డిక్రీలు, వాటి పేరున తోలుకుపోయిన పశువులు. 1879 మార్చిలో రంప లేచింది. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర వంటివారి పేర్లు మనకు మిగిలాయి. ఆ కల్లు కుండలు నింపిన ఆడవాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ లేవు.

ఇప్పుడు సంతలోకి వద్దాం. చింతపండు, కుంకుడు, అడ్డాకులు, తేనె మోసుకుని మనవాళ్లు తెల్లవారకముందే కొండ దిగుతారు. దారిలోనే షావుకారు మనుషులు అడ్డం నిలబడి కావిడి దించుకునే రోజులు మన తాతలు చూశారు. తరాజు షావుకారిది, ధర షావుకారిది, పాత అప్పు లెక్క కూడా అతని పుస్తకంలోదే. చింతపండు అమ్మిన మనిషి ఉప్పూ కిరసనాయిలూ పట్టుకుని ఇంటికి వచ్చేవాడు, చేతిలో పైసా ఉండేది కాదు. అంబలి కుండ దగ్గర ఇలా జరగదు. గింజ తన పొలంలోది, పిండి తను విసిరినది, గరిటె తనది. డొప్పకు ఎంతో ఆమే చెబుతుంది. తాగినవాడు అక్కడికక్కడే డబ్బు ఇచ్చి వెళతాడు. ఆ డబ్బు చిన్నదే. అయినా సంతలో అప్పు పద్దు కిందికి పోకుండా మన చేతికి వచ్చే డబ్బు అదొక్కటే అయిన ఇళ్లు ఎన్నో. మనలో చాలామందికి మొదటి పలక ఆ డబ్బుతోనే వచ్చింది.

1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. సంతల్లో అటవీ ఉత్పత్తులు కొని, డిపోల్లో నిత్యావసరాలు అమ్మడం దాని పని. షావుకారు తరాజుకు పోటీగా మరో తరాజు వచ్చింది, అది మేలే. ఆ సంస్థ లెక్కల్లో చింతపండు ఉంటుంది, తపసి జిగురు ఉంటుంది. వండిన తిండి లెక్కకు రాదు కాబట్టి ఆడవాళ్ల ఈ సంపాదన కాగితం మీదికి ఎక్కనేలేదు.

సంత అంటే మనుషులు కలిసే రోజు కూడా. సంబంధాలు అక్కడే మాట్లాడుకుంటారు, చావు కబురు అక్కడే తెలుస్తుంది. ఆదిలాబాద్ వైపు ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20 సోమవారం, అంటే సంత రోజు. భూముల కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం చెప్పిన లెక్కే పదమూడు మంది. సభకు వచ్చింది ఎవరో సంతకు వచ్చింది ఎవరో ఆ రోజు తూటాకు తెలియదు.

ఈ మధ్య తిండి వరస కురచబడుతోంది. ముందు వరసలో పల్లం నుంచి ఆటోల్లో వచ్చిన బజ్జీల బండ్లు, ప్లాస్టిక్ పొట్లాలు. కుండ వెనక్కి జరిగింది. మేము చూసిన ఒక సంతలో ఆశీలు పాడుకున్నవాడు పెద్ద దుకాణానికీ అంబలి కుండకూ ఒకే రేటు అడిగాడు, రసీదు ఇవ్వలేదు. ముసలమ్మ రెండు డొప్పలు అమ్మకముందే ఆశీలు కట్టింది. మరోపక్క మన వెదురుబొంగు కోడి పేరు మాత్రం అరకు రోడ్డు పొడవునా బోర్డులకెక్కింది.

1996లో వచ్చిన పెసా చట్టం నాలుగో సెక్షన్‌ను మన యువకులు ఒకసారి చదవాలి. గ్రామ సంతల నిర్వహణ, మత్తు పానీయాల నియంత్రణ, చిన్న తరహా అటవీ ఉత్పత్తుల యాజమాన్యం, వడ్డీ వ్యాపారం మీద అదుపు, ఈ అధికారాలన్నీ గ్రామసభకూ తగిన స్థాయి పంచాయతీకీ ఉండాలని అందులో పక్కపక్కనే రాసి ఉంది. రంపలో కల్లు గురించి, అప్పుల గురించి రగిలిన గొడవే 117 ఏళ్ల తరువాత ఒక చట్టంలో వరసగా కనిపిస్తుంది. ఆశీలు ఎంత, కుండకు మినహాయింపు ఉందా, తిండి వరస ఎక్కడ ఉండాలి అని ఎంత మంది గ్రామసభలో అడిగాం?

మా తరగతిలో ఈ ఏడాది పిల్లలకు ఒక పని ఇచ్చాం. ఇంట్లో అవ్వను అడిగి రాసుకు రావాలి: మొదటిసారి సంతకు ఏం వండి తీసుకెళ్లావు, ఎంత దూరం నడిచావు, దేనితో కొలిచావు, డొప్ప ఎంతకు ఇచ్చావు, ఆ డబ్బుతో ఏం కొన్నావు. ఒక్కొక్కరు రెండు పేజీలు తెచ్చారు. ఇంకా వస్తున్నాయి.