నూకల ఇథనాల్ ఈస్టు నుంచి ఎమల్సిఫయర్: గోదావరి జిల్లాల్లో ఎంతవరకు సాధ్యం?

నూనె, నీళ్లు కలిపి గిలక్కొడితే కాసేపు కలిసినట్టే ఉంటాయి. వదిలేస్తే నూనె పైకి తేలిపోతుంది. అలా విడిపోకుండా ఆపేదే ఎమల్సిఫయర్. ఐస్‌క్రీము మొదలు పెయింట్లు, పురుగుమందుల దాకా దాని అవసరం ఉంది. నేడు వాడేవాటిలో ఎక్కువ భాగం సోయా లెసిథిన్ లాంటి మొక్కల ఉత్పత్తులో, రసాయన పద్ధతిలో తయారైనవో. సూక్ష్మజీవుల నుంచి దీన్ని తీయగలమా, అందుకు గోదావరి జిల్లాల్లో అనువైన ముడిసరుకు ఉందా అన్నదే ఈ వ్యాసంలో పరిశీలిస్తున్న విషయం.

రెండు తరగతులు

సూక్ష్మజీవులు తయారుచేసే ఈ పదార్థాలను రెండు రకాలుగా చూడాలి. చిన్న అణువులు నీటి తలతన్యతను తగ్గిస్తాయి. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియా నుంచి 1968లో జపాన్ శాస్త్రవేత్తలు వెలికితీసిన సర్ఫాక్టిన్, ఆ విలువను మీటరుకు 72 మిల్లీన్యూటన్ల నుంచి సుమారు 27కు దించుతుంది. పెద్ద అణువులు తలతన్యతను అంతగా తగ్గించవు కానీ, నూనె బొట్ల చుట్టూ పొరలా చేరి అవి ఒకదానితో ఒకటి కలిసిపోకుండా కాపాడతాయి. అసినెటోబాక్టర్ ఆర్ఏజీ-1 ఇచ్చే ఎమల్సాన్ ఈ కోవలోదే. అయితే ఈ రంగంలో బాగా పేరున్న అసినెటోబాక్టర్, సూడోమోనాస్ జాతుల్లో కొన్ని రోగకారకాలు కూడా. ఆహార పరిశ్రమ విషయంలో ఇది పెద్ద అడ్డంకి.

ఈస్టుపై ఉన్న ఆధారం

రొట్టెల ఈస్టుకు ఆ ఇబ్బంది లేదు. దాని కణ కవచంలోని మానోప్రోటీన్ మంచి ఎమల్సిఫయరని కామెరాన్, కూపర్, న్యూఫెల్డ్ 1988లో చూపించారు. సిట్రేట్ ద్రావణంలో ఈస్టును ఆటోక్లేవ్ చేస్తే (పీడనంలో ఆవిరితో వేడిచేస్తే) అది బయటికి వచ్చింది. శుద్ధి చేశాక అందులో పిండిపదార్థం సుమారు 44 శాతం, ప్రోటీను 17 శాతం. పీహెచ్ 2 నుంచి 11 వరకు, 5 శాతం ఉప్పులోనూ కిరోసిన్, నీళ్ల మిశ్రమం (ఎమల్షన్) విడిపోకుండా నిలిచింది. బీరు, వైను తయారీలో మిగిలే ఈస్టు కూడా పనికొస్తుందని వారు సూచించారు. ఇది బలమైన ఆధారమే. కానీ కిరోసిన్‌లో వచ్చిన ఫలితం తవుడు నూనెలోనో కొబ్బరి నూనెలోనో అలాగే వస్తుందని అనుకోకూడదు.

స్థానిక ముడిసరుకు

డెల్టా రైసుమిల్లుల్లో నూకలకు లోటు లేదు. నూకలు, పాడైన ధాన్యంతో నడిచేలా తూర్పుగోదావరి జిల్లా గోకవరం మండలం గుమ్మళ్లదొడ్డిలో ఇథనాల్ ప్లాంటుకు 2022 నవంబరులో శంకుస్థాపన జరిగింది. ఇలాంటి ప్లాంట్లలో పిండిని ఉడికించి, ఎంజైములతో చక్కెరగా మార్చి, ఈస్టుతో పులియబెట్టి, ఆల్కహాలును బట్టీ పడతారు.

చిక్కు ఇక్కడే ఉంది. బీరు తయారీలో ఈస్టు అడుగున పేరుకుంటుంది కాబట్టి తీయడం సులువు. ధాన్యపు ఇథనాల్‌లో అది బియ్యపు ప్రోటీను, పీచుతో కలిసి బట్టీ అడుగు ద్రవంలోకి పోతుంది. దాన్ని ఆరబెట్టి డీడీజీఎస్ పేరుతో పశువుల దాణాగా అమ్ముతారు. అందుకని ఇది ఊరికే వచ్చే వ్యర్థం కాదు, ఇప్పటికే ధర పలుకుతున్న సరుకు.

ఎలా పరీక్షించాలి?

ముందుగా ఈ-24 పరీక్ష చేయవచ్చు. టెస్ట్‌ట్యూబులో బట్టీ అడుగు ద్రవం నుంచి తీసిన నమూనా, నూనె సమపాళ్లలో పోసి, రెండు నిమిషాలు మిక్సరుపై కలిపి, 24 గంటలు కదపకుండా ఉంచాలి. ఎమల్షన్ పొర ఎత్తును మొత్తం ద్రవం ఎత్తుతో భాగించి 100తో గుణిస్తే సూచిక వస్తుంది. అయితే బియ్యపు ప్రోటీను కూడా నూనెను కొంత కలిపి ఉంచగలదు. ప్రోటియేజ్ ఎంజైముతో ఎమల్షన్ విరిగినా అది ఈస్టు ఘనతేనని తేలదు, ఎందుకంటే ఆ ఎంజైము రెండు ప్రోటీన్లనూ కోస్తుంది. ఈస్టు వేయని ఉడికించిన పిండిని పక్కన పెట్టి పోల్చాలి, మానోప్రోటీన్‌లో ఉండే మానోజ్ చక్కెర ఎంతుందో విడిగా కొలవాలి. స్థానిక నూనెలతో, వేర్వేరు ఉష్ణోగ్రతల్లో మళ్లీ మళ్లీ చేస్తేనే ఆ అంకెకు విలువ.

నిర్ధారణ

ఈస్టు కవచంలో పనికొచ్చే ఎమల్సిఫయర్ ఉందన్నది రుజువైన విషయం. నూకల ఇథనాల్ నుంచి దాన్ని లాభసాటిగా తీయవచ్చన్నది మాత్రం ఇంకా పరికల్పనే. మొదటి ప్రయత్నం ఆహారంలో కాక, అంత శుద్ధి అక్కర్లేని పెయింట్లలోనో ట్యాంకుల శుభ్రతలోనో జరగడం మేలు. రాజమహేంద్రవరం ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, కాకినాడ జేఎన్‌టీయూ విద్యార్థులు చేపట్టదగిన పని ఇది. తీసిన ఎమల్సిఫయర్ విలువ, దాణాలో తగ్గే పోషక విలువనూ శుద్ధి ఖర్చునూ దాటితేనే ప్లాంటు కట్టే మాట ఎత్తాలి. ఆ లెక్క తేలకుండా రైతుకు, మిల్లరుకు ఆశలు చూపడం న్యాయం కాదు.