ఇరుసు నుంచి కమాను కట్టకు

ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే కురిసే పాత అనంతపురం జిల్లాలోని నల్లమాడ వంటి మెట్ట ప్రాంతాల్లో వేరుశనగ మోసిన ఎడ్లబండికి కమాను ఉండేది కాదు. ఇరుసు మీదే బరువంతా ఆనేది, చక్రం జారకుండా ఇరుసు కొనకు చీల దిగేది. ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి వంచిన కమాను కట్టను బండ్లకు అమర్చే పద్ధతికి 1804లో ఇంగ్లండులో ఒబడయా ఇలియట్ పేటెంటు పొందగా, మన దేశంలో 1957 నుంచి 2014 వరకు తయారైన అంబాసిడర్ కారు వెనుక ఇరుసును మోసినది ఆ కట్టే.

పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు తల, ఇరుసు పీటలోని రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. ఆ బోల్టు తెగితే ఇరుసు ఒక పక్కకు జరిగి, వెనుక చక్రాలు ముందు చక్రాల దారి తప్పి, బండి వాలుగా నడుస్తుంది. ఇంటివద్దే మరమ్మతు చేసుకునేవారు ఛాసిస్‌ను స్టాండ్లపై నిలిపి, ఇరుసు కింద వేరొక జాకీ పెట్టి, బోల్టు తల రంధ్రంలో దిగేదాకా ఇరుసును కొద్దికొద్దిగా జరిపి, ఆపైన ఇరుసును కట్టకు బిగించే యూ బోల్టులను ఎదురెదురుగా సమంగా బిగించాలి. కట్ట కొనల్లోని రబ్బరు బుష్షుల బోల్టులను మాత్రం చక్రాలు నేలపై ఆని, బరువు పడ్డాకే పూర్తిగా బిగించాలి; గాలిలో బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. బడి పుస్తకాలకు ఎక్కని ఈ పనితనం నిజమైన ఇంజనీరింగు విద్యే.

ఇదే మెట్ట నేలలో, పెనుకొండ సమీపంలోని కియా కర్మాగారం 2019 నుంచి కార్లు తయారుచేస్తోంది. అక్కడి సెల్టోస్ కారు వెనుక కమాను కట్ట లేదు, చుట్ట స్ప్రింగులే ఉన్నాయి.